యాభై మూడో వాడు

ఈ సంచికకి ఎవరైనా ఒక గొప్ప వ్యక్తి జీవితం గురించి రాయమని మన క్లబ్ వాళ్ళు అడిగారు. కలాం గారి మీద అప్పటికే ముగ్గురు రాస్తున్నారట. సరే, నేను ఒక పరుగు మనిషి గురించి రాస్తాను అన్నాను. నాది చిన్నప్పటి నుంచీ ఇంగ్లిష్ మీడియం, తప్పులుంటే సర్దుకుపోండి. ఇతన్నే ఎందుకు ఎంచుకున్నానో చివర్లో చెప్తా. అది కొంచెం సిగ్గుపడే విషయం.

అతని పేరు స్టీవ్ ప్రీఫాంటేన్. అందరూ పిలిచేది మాత్రం ప్రీ అనే. 1951 జనవరి 25న అమెరికాలో, ఆరెగాన్ రాష్ట్రంలోని కూస్ బే అనే ఊళ్ళో పుట్టాడు. పసిఫిక్ సముద్రం పక్కన ఉన్న రేవు పట్నం అది. చుట్టూ అడవులు, కలప కోయడం, ఓడలకెక్కించడం, అదే ఊరి బతుకు. నాన్న వడ్రంగి పని, వెల్డింగ్ పని చేసేవాడు. అమ్మ జర్మనీ నుంచి వచ్చింది, బట్టలు కుట్టేది. ఆ ఊళ్ళో మగపిల్లాడంటే ఫుట్‌బాల్ ఆడాలి. ప్రీ పొట్టిగా, చిన్నగా ఉండేవాడు. ఫుట్‌బాల్‌లో, బాస్కెట్‌బాల్‌లో అతన్ని ఎక్కువగా బెంచీ మీదే కూర్చోబెట్టేవాళ్ళు. మనలో చాలామందికి ఆ బెంచీ బాగా తెలుసు.

రోజూ ఫుట్‌బాల్ ప్రాక్టీసుకి వెళ్తుంటే పక్కనుంచి హైస్కూల్ క్రాస్ కంట్రీ టీమ్ పరిగెత్తుకుంటూ పోయేదట. అలా చూసీ చూసీ, 1965లో మార్ష్‌ఫీల్డ్ హైస్కూల్లో చేరగానే ఆ టీమ్‌లో చేరాడు. అక్కడ హైస్కూల్ అంటే మనకి తొమ్మిదో తరగతి నుంచి ఇంటర్ సెకండియర్ దాకా.

క్రాస్ కంట్రీ గురించి తెలియనివాళ్ళకి కొంచెం చెప్పాలి. ఇందులో ట్రాక్ ఉండదు. గడ్డి, బురద, ఎత్తులు, పల్లాలు, ఎక్కడ పడితే అక్కడ పరుగు. ఇంకో ముఖ్యమైన సంగతి, ఇది టీమ్ ఆట. అక్కడి స్కూళ్ళలో ఒక్కో టీమ్ నుంచి ఏడుగురు పరిగెడతారు, ముందొచ్చిన అయిదుగురి స్థానాలు కూడతారు. ఎవరి మొత్తం తక్కువైతే వాళ్ళు గెలిచినట్టు. ఒక టీమ్ వాళ్ళు 1, 12, 20, 31, 40 స్థానాల్లో వచ్చారనుకోండి, మొత్తం 104. ఇంకో టీమ్ వాళ్ళు 8, 9, 11, 14, 15లో వస్తే 57. ఫస్ట్ వచ్చినవాడు ఉన్న టీమే ఓడిపోయింది! అంటే టీవీలో కనపడేది మొదటివాడే అయినా, రేసు చాలాసార్లు అయిదోవాడి చేతిలో ఉంటుంది. ఈ ముక్క గుర్తుపెట్టుకోండి.

ప్రీ టీమ్‌లో చేరినప్పుడు ఏడోవాడు, అంటే చిట్టచివరివాడు. సీజన్ అయ్యేసరికి రెండోవాడయ్యాడు. కానీ రాష్ట్ర ఛాంపియన్‌షిప్‌కి వెళ్తే 53వ స్థానం వచ్చింది. నాకు ఇతని మీద ఇష్టం మొదలైంది ఈ నంబర్ దగ్గరే. సినిమాల్లో హీరో మొదటి రోజే అందర్నీ దాటేస్తాడు కదా, ఇక్కడ యాభై రెండు మంది ఇతని కంటే ముందు గీత దాటారు.

తర్వాతి ఏడాది రాష్ట్రంలో 6వ స్థానం. ఇక దారిలో పడ్డాడు అనుకుంటే, ఆ వెంటనే ట్రాక్ సీజన్‌లో రెండు మైళ్ళ పందెంలో రాష్ట్ర పోటీలకి అర్హతే రాలేదు. అప్పుడు కోచ్ వాల్ట్ మెక్‌క్లూర్‌తో కూర్చుని ప్లాన్ వేసుకుని, 1967 వేసవి సెలవులంతా పరిగెత్తాడు. ఆ తర్వాతి రెండేళ్ళు, 1967లో, 1968లో, క్రాస్ కంట్రీలో ఒక్క రేసు కూడా ఓడలేదు. రెండుసార్లూ రాష్ట్ర ఛాంపియన్. 1969 వసంతంలో రెండు మైళ్ళని 8 నిమిషాల 41.5 సెకన్లలో పరిగెత్తి దేశం మొత్తానికి హైస్కూల్ రికార్డు పెట్టాడు. పాత రికార్డు కంటే దాదాపు 7 సెకన్లు తక్కువ. అంటే ఎనిమిది రౌండ్లు, ఒక్కోటి 65 సెకన్లలో, ఆగకుండా. నమ్మకం లేకపోతే మన గ్రౌండ్‌లో ఒక్క రౌండ్ అలా పరిగెత్తి చూడండి. నేను చూశాను. ఒక్కటి కూడా కాలేదు.

ఆ తర్వాత ఆరెగాన్ యూనివర్సిటీ, బిల్ బవర్‌మన్ అనే కోచ్. ఈయన ఫిల్ నైట్‌తో కలిసి పెట్టిన కంపెనీయే తర్వాత నైకీ అయింది. బవర్‌మన్ లెక్క ప్రకారం రేసంటే తెలివిగా పరిగెత్తడం, బలం చివరికి దాచుకోవడం. ప్రీకి అది నచ్చేది కాదు. మొదటి నుంచీ ముందుండి, వెనకవాళ్ళకి ఊపిరాడకుండా చేసి గెలవాలి. వేరొకడి వెనక నక్కి చివరి వంద మీటర్లలో దాటడం అతనికి గెలుపులా అనిపించేది కాదు. 1970 జూన్‌లో స్పోర్ట్స్ ఇలస్ట్రేటెడ్ పత్రిక ముఖచిత్రం మీద అతని ఫొటో వచ్చింది. అప్పటికి అతని వయసు 19. ఇప్పుడు నాదీ అంతే. సరే, వదిలేద్దాం. కాలేజీలో జాతీయ క్రాస్ కంట్రీ టైటిల్ మూడుసార్లు గెలిచాడు, 1970, 1971, 1973లో.

1972లో మ్యూనిక్ ఒలింపిక్స్, 5000 మీటర్లు. ఇజ్రాయెల్ జట్టు వాళ్ళు 11 మంది ఉగ్రవాదుల చేతిలో చనిపోయిన ఒలింపిక్స్ అది. 21 ఏళ్ళ ప్రీ, తనకంటే అనుభవం ఉన్నవాళ్ళ మధ్య, చివరి మైలు మొదట్లో లీడ్ తీసుకున్నాడు. చివరి రౌండ్‌లో ఫిన్లాండ్‌కి చెందిన లాసే విరెన్, ట్యునీషియా మహమ్మద్ గమూడీ దాటేశారు. ప్రీ మళ్ళీ మళ్ళీ ముందుకెళ్ళాలని చూశాడు. రెండో స్థానంతో సరిపెట్టుకుని జాగ్రత్తగా పరిగెత్తి ఉంటే ఏదో ఒక పతకం వచ్చేదేమో. అతను బంగారం కోసమే పరిగెత్తాడు. గీతకి కొన్ని మీటర్ల ముందు కాళ్ళలో ఏమీ మిగల్లేదు, బ్రిటన్ ఇయాన్ స్టీవర్ట్ కూడా దాటేశాడు. నాలుగో స్థానం. పతకం లేదు.

ఇక్కడ చాలామంది కథ ఆపేస్తారు. నాకు మాత్రం తర్వాతి మూడేళ్ళు ముఖ్యం అనిపించింది. అప్పట్లో ఒలింపిక్స్‌కి వెళ్ళాలంటే అమెచ్యూర్‌గానే ఉండాలి, పరుగు మీద డబ్బు సంపాదించకూడదు. స్టేడియం నిండా జనం టికెట్ కొనుక్కుని వచ్చేది ఇతని కోసం, ఇతనేమో ప్రభుత్వం పేదలకిచ్చే ఫుడ్ స్టాంపుల మీద బతికిన రోజులున్నాయి. ప్రొఫెషనల్‌గా మారితే 2,00,000 డాలర్లు ఇస్తామన్నా వద్దన్నాడు, మళ్ళీ ఒలింపిక్స్ పరిగెత్తాలని. అథ్లెట్ల మీద పెత్తనం చేసే అమెచ్యూర్ అథ్లెటిక్ యూనియన్‌తో బహిరంగంగా గొడవపడ్డాడు. ఆరెగాన్ జైల్లో ఖైదీలకి పరుగు నేర్పాడు. నైకీ తరఫున రన్నర్లకి బూట్లు పంపేవాడు. అలా అందుకున్న వాళ్ళలో ఒకడు బిల్ రాడ్జర్స్, ఆ బూట్లతోనే 1975 బోస్టన్ మారథాన్ గెలిచాడు.

1975 మే 29న యూజీన్‌లో, ఫిన్లాండ్ అథ్లెట్లని పిలిపించి పెట్టిన పోటీలో ప్రీ 5000 మీటర్లు గెలిచాడు. రాత్రి పార్టీ అయ్యాక స్నేహితుడు ఫ్రాంక్ షార్టర్‌ని ఇంటి దగ్గర దించి తిరిగి వస్తుంటే, అర్ధరాత్రి దాటాక కారు రాతి కొండని కొట్టుకుని తిరగబడింది. తాగి నడిపాడని పోలీసుల రిపోర్టు. దాని మీద వాదాలు ఇప్పటికీ ఉన్నాయి. వయసు 24. అప్పటికి 2000 మీటర్ల నుంచి 10,000 మీటర్ల దాకా అమెరికా రికార్డులన్నీ అతనివే. మూడేళ్ళకి, 1978లో, అతను గొడవపడిన ఆ పెత్తనాన్ని తీసేస్తూ చట్టం వచ్చింది. ఆ రాయి దగ్గర రన్నర్లు ఇప్పటికీ తమ బూట్లు, మెడల్స్ పెట్టి వస్తారు.

ఇప్పుడు నా సంగతి. పోయినేడాది స్పోర్ట్స్ వీక్‌లో బ్రాంచ్‌ల మధ్య క్రాస్ కంట్రీ పెట్టారు, చెరువు గట్టు మీదుగా. మా టీమ్‌లో నేను అయిదోవాణ్ణి. గట్టు ఎక్కేటప్పుడు ఊపిరి అందలేదు, వంగి లేసు కట్టుకున్నాను. ఈలోపు ఏడుగురు దాటేశారు. మేం మెకానికల్ వాళ్ళ చేతిలో 3 పాయింట్లతో ఓడిపోయాం. లేసు ఊడిపోయిందిరా అని అందరికీ చెప్పాను. మా వాళ్ళు పోనీలేరా అన్నారు, ఆ సాయంత్రం నాకు టీ కూడా తాగించారు.

లేసు ఊడలేదు. ముడి ఉన్నది ఉన్నట్టే ఉంది. నేనే విప్పి మళ్ళీ కట్టాను.

ఆ వారమే హాస్టల్‌లో ప్రీ మీద తీసిన వితౌట్ లిమిట్స్ సినిమా చూశాను. మ్యూనిక్ సీన్ దగ్గర లేచి బయటికి వెళ్ళిపోయాను. 53వ వాడు ఛాంపియన్ అయ్యాడు కాబట్టి నేనూ అవుతానని చెప్పడానికి ఇది రాయట్లేదు, నేను అవ్వను, నా టైమింగ్ నాకు తెలుసు. కానీ నాలుగోవాడిగా గీత దాటినప్పుడు అతని దగ్గర ఇంకా మిగిలింది ఏమీ లేదు. నా దగ్గర మిగిలి ఉంది, అదే ఏడాదిగా గుచ్చుతోంది.

ఈ వ్యాసం పంపే ముందు మా కెప్టెన్‌కి నిజం చెప్పేశాను. చాలాసేపు ఏం మాట్లాడలేదు. తర్వాత, సెలక్షన్ శనివారం పొద్దున్న ఆరింటికి, లేటుగా రావద్దు అన్నాడు. ఈసారి లేసుకి డబుల్ ముడి వేస్తాను.