మసారిక్ మహాశయుని జీవితము

ఒక జాతి తన్ను దానే పాలించుకొనవలెననుట న్యాయమైన కోరిక. అయితే ఆ జాతి యనగా నెవరు, దాని పొలిమేర యెక్కడ, ఆ పొలిమేరలో మిగిలిపోయిన యితరుల గతి యేమి యను ప్రశ్నలకు సమాధానము చెప్పుట కష్టము. ఈ మూడు ప్రశ్నలతోడను పెనగులాడిన యొక పెద్దమనిషి చరిత్రమును మన గ్రంథాలయ పాఠకులకు సంగ్రహముగా విన్నవించుచున్నాను. ఆయన చెకోస్లొవేకియా రాజ్యమునకు ప్రథమాధ్యక్షుడైన తోమాష్ మసారిక్.

ఆయన 1850వ సంవత్సరము మార్చి 7వ తేదీన మొరేవియా సీమలోని హొదొనీన్ అను నూర జన్మించెను. తండ్రి స్లొవాకు జాతివాడు, చక్రవర్తి భూములలో బండి తోలుకొని బ్రదుకువాడు. తల్లి మొరేవియా స్త్రీ. ఆ సీమలన్నియు నప్పుడు వియన్నా నుండి యేలు హాబ్స్‌బర్గు చక్రవర్తుల యధీనమున నుండెను. బాలుని మొదట తాళములు చేయువాని యొద్దను, పిదప కమ్మరి యొద్దను పనికి బెట్టిరి. చదువుపై మక్కువ చేత నతడు ఇతరుల పిల్లలకు పాఠములు చెప్పుకొనుచు బ్రనో, వియన్నా నగరములలో విద్య నభ్యసించి, 1876లో డాక్టరు పట్టమును బడసెను. 1878లో షార్లట్ గారిగ్ అను నమెరికా కన్యను వివాహమాడి, ఆమె యింటిపేరును తన పేరున జేర్చుకొనెను. 1882లో ప్రాగ్ నగరమందలి చెక్కు విశ్వవిద్యాలయమున తత్త్వశాస్త్రాచార్యుడయ్యెను.

ఆయన గుణమును దెలుపు రెండు సంగతులు గలవు. చెక్కులు తమ ప్రాచీన కావ్యములని గర్వించు వ్రాతప్రతులు కొన్ని యుండెను. అవి పూర్వకాలపువి కావనియు, ఆ శతాబ్దముననే యెవరో కల్పించినవనియు 1886లో పండితులు కొందఱు నిరూపింప బూనగా, మసారిక్ తన పత్రికలో వారికి చోటిచ్చెను. జనులు ఆయనను జాతిద్రోహి యనిరి. దొంగ దస్తావేజుతో గెలిచిన వ్యాజ్యము నిలువదు గదా యని ఆయన తలంపు. మఱల 1899లో, హిల్స్నర్ అను పేద యూదునిపై మతాచారము కొఱకు ఒక బాలికను జంపెనను నేరము మోపినపుడు, ఆ మూఢవిశ్వాసమును ఖండించి పునర్విచారణ కోరెను. ఆయన శిష్యులే తరగతిలో కేకలువేసి పాఠము సాగనీయరైరి. అయినను వెనుకకు తగ్గలేదు.

వియన్నా పార్లమెంటులో సభ్యుడుగా నున్న కాలమున ఆయన కోరినది సామ్రాజ్యమున సంస్కరణమేగాని విచ్ఛేదము గాదు. 1914లో మహాయుద్ధము రాగా, ఇక సంస్కరణమున కాశ లేదని నిశ్చయించి, ఆ డిసెంబరులో దేశము విడిచెను. అప్పటి కాయన వయస్సు 64 ఏండ్లు. ఇంట మిగిలిన కుటుంబము కష్టముల పాలయ్యెను. ఒక కుమారుడు 1915లో టైఫస్ జ్వరమున మరణించెను; ఒక కుమార్తె చెఱసాలకు బోయెను. ఆయన బెనెష్, ష్టెఫానిక్ అను సహచరులతో బారిసునందు జాతీయ సమితిని నెలకొల్పి, రష్యాలో చిక్కిన చెక్కు, స్లొవాకు బందీలను సైన్యముగా గూర్చెను. 1918 అక్టోబరులో వాషింగ్టనునుండి స్వాతంత్ర్య ప్రకటనము వెలువడెను. ఆ నెల 28వ తేదీన ప్రాగ్‌లో స్వాతంత్ర్యము చాటబడెను. నవంబరు 14న బండివాని కుమారుడు దేశాధ్యక్షుడయ్యెను.

ఇక చిక్కు లిచ్చట నారంభమగును. పొలము తగవులు చూచినవారికి ఇది సులభముగా బోధపడును. పాత డైగ్లాటులో నొకరి పేరుండును. అడంగలులో సాగుబడి యింకొకరి దుండును. బొహీమియా విషయమున చెక్కులు డైగ్లాటు చూపిరి. అనగా ప్రాచీన రాజ్యపు సరిహద్దులు చెడరాదనిరి. స్లొవేకియా విషయమున హంగరీవారు డైగ్లాటు చూపగా, చెక్కులు అడంగలు చూపిరి; అనగా అచ్చట నివసించు జనుల జాతియే ప్రమాణమనిరి. రెండు చోట్లను గెలిచిరి. తత్ఫలితముగా 1921 జనాభా లెక్కలలో సుమారు 1 కోటి 36 లక్షల జనులలో 31 లక్షలకు పైగా జర్మనులు తేలిరి. వీరిలో పలువు రారాజ్యమున జేర నిష్టపడలేదు. 1919 మార్చి 4న వారి ప్రదర్శనలపై సైనికులు కాల్పులు జరుపగా ఏబదిమందికి పైగా మరణించిరి.

స్లొవాకులతో నైన మాటయు నట్లే యయ్యెను. 1918 మే నెలలో పిట్స్‌బర్గు నగరమున మసారిక్ వ్రాలు చేసిన యొడంబడికలో స్లొవేకియాకు సొంత పరిపాలనము, శాసనసభ, న్యాయస్థానములు నుండునని యుండెను. 1920 రాజ్యాంగము వాని నీయలేదు. అది యమెరికాలోని చెక్కులు, స్లొవాకులు తమలో దాము చేసికొన్న స్థానికపు టేర్పాటు మాత్రమేయని యాయన తరువాత వాదించెను. దొంగ వ్రాతను దొంగ వ్రాత యని చెప్పగలిగిన మహానుభావుడు, తన చేవ్రాలు విషయమున నింత తేలికగా మాటలాడుట విచారకరము. అయినను, చుట్టుపట్ల రాజ్యములు నియంతల పాలగుచుండ, ఆయన దేశమున పార్లమెంటు, ఎన్నికలు, అల్పసంఖ్యాకుల భాషలలో బడులు నిలిచినవనుటయు మఱువరాదు. 1935లో పదవి విడిచి, 1937 సెప్టెంబరు 14న లానీ గ్రామమున స్వర్గస్థుడయ్యెను.

మఱుసటి యేడే హిట్లరు జర్మనుల స్వయంనిర్ణయము పేరు చెప్పి మ్యూనిక్ ఒడంబడికతో నా సరిహద్దుల నపహరించెను. 1939లో మిగిలిన చెక్కు దేశము నాక్రమించెను. యుద్ధానంతరమున దాదాపు 30 లక్షల జర్మనులు వెడలగొట్టబడిరి. న్యాయమైన మాట దుష్టుని నోట బడిన నెట్లుండునో లోకము చూచెను.

ఈ హక్కు 1945లో ఐక్యరాజ్యసమితి శాసనపత్రమున జేరెను. 1960లో వలసదేశముల విముక్తికి ఆధారమయ్యెను. 1966 నాటి రెండు మానవహక్కుల యొడంబడికలలోను మొదటి యధికరణమయ్యెను. అయితే వలసలు గాని స్వతంత్రరాజ్యములలో నొక ప్రాంతము విడిపోవుటకు దానినుండి సామాన్యముగా హక్కు పుట్టదు. 1970 నాటి ఐక్యరాజ్యసమితి ప్రకటనము, జనులందఱకు భేదము లేక ప్రాతినిధ్య మిచ్చు రాజ్యముల సమగ్రతను భంగపఱచుట కీ హక్కును సాకుగా గొనరాదని తెల్పుచున్నది. ఉభయులు సమ్మతించి వేఱుపడుట కడ్డు లేదు. 1993 జనవరి 1న చెక్కులు, స్లొవాకులు రక్తపాతము లేకయే రెండు రాజ్యములైరి.

మసారిక్ తన యధ్యక్ష ధ్వజముపై వ్రాయించిన మాటకును, మన భారత రాజముద్రపై నున్న మాటకును అర్థమొక్కటే: సత్యమునకే జయమని. ఆ సత్యము ఎదిరివాని దస్తావేజునకే గాక మన చేవ్రాలునకును వర్తించును. ఈ చరిత్రము చదివినవారి కీయొక్క సంగతి మనస్సున నాటిన జాలును.