28 ఏళ్లు నిండకుండానే వెళ్లిపోయాడు.. రాజమండ్రి వెళ్తే ఈ గ్యాలరీ మిస్ కావొద్దు!

రాజమండ్రి అనగానే పుష్కర ఘాట్, గోదావరి బ్రిడ్జి గుర్తొస్తాయి. కానీ చాలామంది చూడకుండా వచ్చేసే చోటు ఒకటుంది.. అదే దామెర్ల రామారావు ఆర్ట్ గ్యాలరీ.

రామారావు 1897 మార్చి 8న రాజమండ్రిలో పుట్టారు. చదువు కంటే బొమ్మల మీదే ధ్యాస. ఆ పిల్లాడిలోని ప్రతిభను పసిగట్టింది అక్కడి ఆర్ట్స్ కాలేజీ ప్రిన్సిపాల్ ఆస్వాల్డ్ కూల్డ్రే. ఆయన ప్రోత్సాహంతోనే 1916లో బొంబాయి జేజే స్కూల్ ఆఫ్ ఆర్ట్‌లో చేరారు.

చదువయ్యాక సొంతూరికే తిరిగొచ్చారు. గోదావరి తీరం, ఇక్కడి ఆడవాళ్లు, పురాణ కథలు.. అన్నింటినీ రంగుల్లోకి తెచ్చారు. తనొక్కడే ఎదిగితే చాలనుకోలేదు. మిత్రులతో కలిసి రాజమండ్రిలోనే చిత్రకళాశాల పెట్టి కుర్రాళ్లకు బొమ్మలు నేర్పారు. 1922లో కలకత్తా ప్రదర్శనలో ‘ఋష్యశృంగ బంధనం’ చిత్రానికి బహుమతి వచ్చింది. 1924లో ఆయన బొమ్మలు లండన్‌లోని వెంబ్లీ ఎగ్జిబిషన్‌ దాకా వెళ్లాయి.

ఇక తిరుగులేదు అనుకుంటుండగానే మశూచి కాటేసింది. 1925 ఫిబ్రవరి 6న రామారావు కన్నుమూశారు. అప్పటికి ఇంకో నెల గడిస్తే 28 నిండేవి.

ఆ బొమ్మలు చెల్లాచెదురు కాకుండా కాపాడింది ఎవరో తెలుసా? ఆయన భార్య, స్వయంగా చిత్రకారిణి అయిన సత్యవాణి, ప్రాణమిత్రుడు వరదా వెంకటరత్నం. వాళ్ల పట్టుదల వల్లే ఇవాళ ‘పుష్పాలంకరణ’, ‘సిద్ధార్థ రాగోదయం’ లాంటి చిత్రాలు మనకు మిగిలాయి. ఫోన్‌లో ఫొటో చూడటం వేరు, ఆ రంగుల ముందు నిలబడటం వేరు. ఈసారి గోదావరి చూడ్డానికి వెళ్తే, ఇక్కడికీ ఓసారి వెళ్లిరండి.