కాలిన్ మెకంజీ

కాలిన్ మెకంజీ (1754 – 1821 మే 8) ఈస్టిండియా కంపెనీ సైన్యంలో ఇంజనీరు, సర్వేయరు, భారతదేశపు మొదటి సర్వేయర్ జనరల్. దక్షిణ భారతదేశంలోని ఊళ్ళ చరిత్రను ఆయా ఊళ్ళవారినే అడిగి వ్రాయించి భద్రపరచినవాడిగా ఇతడు ప్రసిద్ధుడు. ఆ విధంగా సేకరించిన వ్రాతలే కైఫియత్తులు. ఆంధ్ర దేశపు గ్రామ చరిత్రలకు ఇవి ముఖ్యమైన ఆధారాలు. తెలుగు సాహిత్యానికి సి.పి.బ్రౌన్ చేసిన సేవ వంటిది తెలుగువారి స్థానిక చరిత్రకు మెకంజీ చేసిన సేవ.

బాల్యం, భారతదేశానికి రాక

మెకంజీ స్కాట్లండుకు పశ్చిమాన ఉన్న లూయిస్ ద్వీపంలోని స్టోర్నొవే పట్టణంలో జన్మించాడు. యౌవనంలో ఆ ఊరి సుంకాల కార్యాలయంలో పనిచేశాడు. గణితమంటే ఇతనికి మక్కువ ఎక్కువ. లాగరిథమ్‌లను కనుగొన్న జాన్ నేపియర్ వంశీయులతో కలిగిన పరిచయం వలన హిందువుల గణితం గురించి తెలుసుకోవాలన్న కోరిక కలిగింది. 1783లో కంపెనీ సైన్యంలో చేరి మద్రాసుకు వచ్చాడు. మదురైలో ఉన్న నేపియర్ కుటుంబపు ఆడపడుచు హెస్టర్ జాన్‌స్టన్ ఇంట కొందరు పండితులను కలుసుకున్నాడు. ఈ దేశపు ప్రాచీన చరిత్రను సేకరించాలన్న ఆలోచన అక్కడే మొలకెత్తింది.

అయితే తర్వాత పదమూడేళ్ళపాటు యుద్ధాలు, బదిలీలతోనే కాలం గడిచింది. కోయంబత్తూరు, దిండిగల్, నెల్లూరు, గుంటూరు ప్రాంతాలలో పనిచేశాడు. 1790-92 మైసూరు యుద్ధంలో పాల్గొన్నాడు. ఆ తర్వాత నిజాం రాజ్యంలో సర్వే పని చేశాడు. 1794లో శ్రీశైలం దర్శించి అక్కడి ఆలయ ప్రాకారం మీది శిల్పాలను గురించి వ్యాసం వ్రాశాడు.

కావలి సోదరులు

మెకంజీకి భారతీయ భాషలు రావు. ఈ లోటును తీర్చినవారు ఏలూరుకు చెందిన కావలి సోదరులు. వీరిలో కావలి వెంకట బొర్రయ్య 1796లో మెకంజీ వద్ద చేరాడు. తెలుగు, కన్నడం, సంస్కృతం మొదలైన భాషలు తెలిసిన బొర్రయ్య పాత కన్నడ శాసనాలను చదవడంలో నేర్పరి. ఇతర సహాయకులకు శిక్షణ ఇచ్చి, ఏ ఊరిలో ఎవరిని కలుసుకోవాలో, ఏమి అడగాలో నేర్పినవాడు కూడా అతడే. 1803లో చిన్న వయసులోనే మరణించాడు. ఆ తర్వాత అతని తమ్ముడు లక్ష్మయ్య ఆ బాధ్యతను స్వీకరించి మెకంజీ చనిపోయేవరకు నిర్వహించాడు. మరొక సోదరుడు రామస్వామి కూడా మెకంజీ వద్ద పనిచేశాడు. అతడు దక్కను కవుల జీవిత చరిత్రలను ఇంగ్లీషులో వ్రాసి 1829లో ప్రచురించాడు.

కైఫియత్తుల సేకరణ

1799లో శ్రీరంగపట్నం పతనమైన తర్వాత మైసూరు రాజ్యాన్ని సర్వే చేసే పనిని కంపెనీ మెకంజీకి అప్పగించింది. భూమిని కొలవడంతో పాటు ఆ ప్రాంతపు చరిత్ర, జనుల ఆచారాలు, పంటలు, కట్టడాల వివరాలు కూడా సేకరించేలా అతడు ఈ సర్వేను రూపొందించాడు. నిజాం నుండి 1800లో కంపెనీకి సంక్రమించిన దత్త మండలాలలో (నేటి రాయలసీమ, బళ్ళారి ప్రాంతం) కూడా ఇదే పద్ధతిలో పని జరిగింది. సేకరణకు చాలా ఖర్చు మెకంజీ తన జేబులోనుండే పెట్టుకున్నాడు.

కైఫియత్తు అనగా వివరం, స్థితిగతుల నివేదిక అని అర్థం. మెకంజీ సహాయకులు ఒక ఊరికి వెళ్ళి అక్కడి కరణాన్ని, ఆలయ అర్చకులను, వృద్ధులను కలుసుకునేవారు. ఊరికి ఆ పేరు ఎలా వచ్చింది, చెరువు ఎవరు త్రవ్వించారు, గుడి ఎవరు కట్టించారు, మాన్యాలు ఎవరిచ్చారు, ఏ ఏ రాజులు ఏలారు మొదలైన విషయాలు అడిగి వారు చెప్పినట్లు వ్రాసుకునేవారు. తరతరాల కరణాలు తమ కాలపు సంగతులు చేరుస్తూ వచ్చిన దండకవిలెలకు నకళ్ళు తీసుకునేవారు. శాసనాలను చూసి వ్రాసుకునేవారు. ఆ కవిలెలలో చాలావాటి మూలాలు తర్వాతి కాలంలో నశించిపోయినందున ఈ నకళ్ళకే మూలాల విలువ వచ్చింది.

కైఫియత్తులలో చెప్పినదంతా యథార్థమని భావించకూడదు. మాన్యం మీద హక్కు నిలుపుకోవాలని కొందరు, తమ వంశం గొప్పతనం చెప్పుకోవాలని కొందరు కల్పించి చెప్పిన సంగతులు వీటిలో ఉన్నాయి. అడుగుతున్నది పాలకుల మనిషి అన్న భయం కూడా జనానికి ఉండేది. సర్వే వలన కంపెనీ పాలనకు కలిగే ప్రయోజనం కూడా చిన్నది కాదు. అందువలన చరిత్రకారులు వీటిని శాసనాలతో పోల్చి చూసి స్వీకరిస్తారు. అయినప్పటికీ రాజుల చరిత్రలలో కనిపించని సామాన్యుల జ్ఞాపకాలు, కరవులు, వలసలు, ఊరి తగవులు వీటిలోనే దొరుకుతాయి.

అమరావతి

1797లో మెకంజీ మొదటిసారి అమరావతిని దర్శించాడు. ఆ కాలంలో జమీందారు వాసిరెడ్డి వెంకటాద్రి నాయుడు అక్కడ కొత్త పట్టణం నిర్మిస్తుండగా, దీపాలదిన్నె అని పిలిచే దిబ్బనుండి ఇటుకలు, చెక్కడపు రాళ్ళు తవ్వి తీస్తున్నారు. మెకంజీ 1816లో మళ్ళీ వచ్చేసరికి స్తూపం చాలావరకు నాశనమైపోయింది. మిగిలిన శిల్పాలకు తన బృందంచేత చిత్రాలు, నక్షాలు వేయించాడు. తర్వాత కనబడకుండా పోయిన పలు శిలాఫలకాలు ఎలా ఉండేవో ఈ చిత్రాల వల్లనే తెలుస్తున్నది.

చివరి దశ

1811లో మెకంజీ జావా దండయాత్రలో పాల్గొని, అక్కడ కూడా వ్రాతప్రతులు సేకరించాడు. 1812లో అక్కడే పెట్రోనెల్లా బార్టెల్స్‌ను వివాహమాడాడు. 1815లో భారతదేశపు సర్వేయర్ జనరల్‌గా నియమితుడై, 1817లో కలకత్తాకు మారాడు. సేకరణకు వివరమైన పట్టిక తయారుచేయాలన్న అతని కోరిక తీరలేదు. 1821 మే 8న మరణించాడు. సమాధి కలకత్తా పార్కు వీధి దక్షిణ శ్మశానంలో ఉన్నది. భారతదేశానికి వచ్చిన తర్వాత మళ్ళీ స్వదేశాన్ని చూడలేదు.

సేకరణ ఏమైనది?

మెకంజీ మరణానంతరం కంపెనీ ఈ సేకరణను అతని భార్యనుండి కొన్నది. హెచ్.హెచ్.విల్సన్ 1828లో ప్రకటించిన పట్టిక ప్రకారం ఇందులో 1,568 సాహిత్య గ్రంథాలు, 2,070 స్థానిక చరిత్రలు, 8,076 శాసనాల నకళ్ళు, 2,630 చిత్రాలు, 6,218 నాణేలు మొదలైనవి ఉన్నాయి.

ఈ పనిని తాను కొనసాగిస్తానని కావలి లక్ష్మయ్య ప్రభుత్వానికి విన్నవించుకున్నాడు. దాదాపు పద్దెనిమిదేళ్ళపాటు ఆ పనిని నడిపించినవాడు అతడే అయినా, ఒక భారతీయుడు ఇంతటి కార్యాన్ని స్వయంగా నిర్వహించలేడన్న అభిప్రాయంతో 1836లో ఆ విన్నపాన్ని త్రోసిపుచ్చారు.

సేకరణ లండను, కలకత్తా, మద్రాసుల మధ్య చీలిపోయింది. మద్రాసుకు చేరిన కాగితాలు శిథిలమవుతుండగా సి.పి.బ్రౌన్ చొరవతో చాలావాటికి శుద్ధప్రతులు తయారయ్యాయి. ఇవి చెన్నైలోని ప్రభుత్వ ప్రాచ్య లిఖిత గ్రంథాలయానికి చేరాయి. కడపలోని సి.పి.బ్రౌన్ భాషా పరిశోధన కేంద్రం కడప జిల్లా కైఫియత్తులను సంపుటాలుగా ప్రచురించింది. 2017లో స్టోర్నొవేలో మెకంజీ సేకరణల ప్రదర్శన జరిగింది.

థామస్ హిక్కీ 1816లో వేసిన మెకంజీ తైలవర్ణ చిత్రంలో అతనితో పాటు ముగ్గురు భారతీయ సహాయకులు కూడా ఉన్నారు. కైఫియత్తుల చరిత్రలో ఆ సహాయకుల స్థానాన్ని చరిత్రకారులు కాలక్రమంలో గుర్తించారు.