మసక కళ్లతో మామత్‌ను గీసినాయన

మీ పిల్లల సైన్సు పుస్తకంలో మంచులో నడిచే మామత్ బొమ్మ చూశారా? అలాంటి బొమ్మలకు దారి వేసినవారిలో ముఖ్యులు చార్లెస్ నైట్.

1874లో న్యూయార్క్‌లోని బ్రూక్లిన్‌లో పుట్టారు. చూపు మొదటి నుంచీ మందమే. దానికి తోడు చిన్నప్పుడు తోటి పిల్లవాడు విసిరిన రాయి కుడికంటికి తగిలింది. అయినా బొమ్మలు మానలేదు. కాన్వాసుకు ముఖం దాదాపు ఆనించి గీసేవారు.

సైబీరియాలో మామత్ ఎముకలు, దంతాలు నేలలోంచి బయటపడేవి. బతికున్నదాన్ని చూసినవారు లేరు. అందుకే అది ఎలుకలా భూమి లోపల తవ్వుకుంటూ తిరుగుతుందని, వెలుతురు తగిలితే చస్తుందని అక్కడివారు చెప్పుకునేవారు. ఆలోచిస్తే తెలివైన ఊహే!

నైట్ అదే ఎముకలతో మొదలుపెట్టి వేరే దారి పట్టారు. జూలో గంటలకొద్దీ కూర్చుని ఏనుగులు, పులుల కదలికలు గీసుకున్నారు. చనిపోయిన జంతువుల కండరాలు పరిశీలించారు. ఎముక మీద కండ, కండ మీద చర్మం, ఆ తర్వాతే బొచ్చు. మంచులో గడ్డకట్టి దొరికిన కళేబరాల వల్ల మామత్‌కు బొచ్చుండేదని అప్పటికే తెలుసు.

మ్యూజియంలో జీతానికి కుదరకుండా, స్వతంత్రంగానే పనిచేశారు. యాభై ఏళ్లు దాటాక, చూపు అంతంతమాత్రంగా ఉండగానే, చికాగో ఫీల్డ్ మ్యూజియానికి 28 పెద్ద గోడచిత్రాలు వేశారు.