స్వామి జ్ఞానానంద

గోదావరీ మండలమున పుట్టి, హిమాలయములలో తపమొనర్చి, ఐరోపా ప్రయోగశాలలలో పరమాణు రహస్యములను శోధించిన మహనీయులు స్వామి జ్ఞానానంద. నేటి పశ్చిమ గోదావరి జిల్లాలో, భీమవరమునకు చేరువనున్న గొరగనమూడి గ్రామమున 1896 డిసెంబరు 5వ తేదీన వీరు జన్మించిరి. తల్లిదండ్రులు పెట్టిన పేరు భూపతిరాజు లక్ష్మీనరసింహరాజు.

చిన్ననాటినుండియు వీరి మనస్సు ఆధ్యాత్మిక చింతనవైపు మరలియుండెను. యౌవనముననే ఇల్లు వీడి హిమాలయ ప్రాంతములకేగి, సుమారు పదేండ్లు యోగసాధన చేసి, సన్న్యాసియై జ్ఞానానంద నామమును వహించిరి. 1927లో జర్మనీ దేశమునకు వెళ్ళి, అచట యోగశాస్త్రమును గూర్చి ఉపన్యసించిరి. ఆ కాలమున ఐన్‌స్టీను పండితుని సాపేక్ష సిద్ధాంతము విద్యావంతులందరి నోట నానుచుండెను. స్వామి దృష్టియు భౌతికశాస్త్రముపై నిలిచెను. అప్పటికి వారు ముప్పదియేండ్లు దాటినవారు. ఒకరికి బోధించు స్థానమున నున్నవారు. అయినను మరల విద్యార్థియై గణితమును, భౌతికశాస్త్రమును అభ్యసించుటకు సంకోచింపలేదు.

ప్రాగ్ నగరమందలి చార్లెస్ విశ్వవిద్యాలయమున ఎక్స్ కిరణములపై పరిశోధన చేసి డాక్టరు పట్టము పొందిరి. పిమ్మట ఇంగ్లండులోని లివర్‌పూలు విశ్వవిద్యాలయమునకు చేరిరి. న్యూట్రానును 1932లో కనుగొన్న జేమ్స్ చాడ్విక్ అచట ఆచార్యుడు. ఆయన యొద్ద స్వామి బీటా కిరణములను కొలుచు విద్యయందు కృషిచేసి, మరియొక డాక్టరు పట్టమును గడించిరి.

కొన్ని పరమాణువులు తమంతట తాము క్షీణించునపుడు వెలువడు ఎలక్ట్రానులే బీటా కిరణములు. అయస్కాంత క్షేత్రమున అవి వంగి పయనించును. వంపును బట్టి వాని శక్తిని గణింతురు. మార్గమున గాలియున్నచో దానిని తాకి శక్తిని కోల్పోవును; లెక్క తప్పును. కావున పరికరములోని గాలిని దాదాపు పూర్తిగా తొలగింపవలెను. ఈ శూన్యసాధన విద్యయందును స్వామి నిష్ణాతులైరి. అమెరికాలోని మిచిగన్ విశ్వవిద్యాలయమున పరిశోధన సాగించి, 1947లో శూన్యసాధనపై ఉద్గ్రంథమును ప్రకటించిరి.

స్వదేశమునకు తిరిగివచ్చి, ఢిల్లీలోని జాతీయ భౌతిక ప్రయోగశాలలో కొంతకాలము పనిచేసిరి. 1954లో వాల్తేరునందలి ఆంధ్ర విశ్వకళాపరిషత్తున చేరిరి. 1956లో అచట కేంద్రక భౌతికశాస్త్ర శాఖ వీరి నాయకత్వమున నెలకొనెను. తెలుగు విద్యార్థులు పరదేశములకు పోకయే ఈ విద్యను నేర్చుటకు వీలు కలిగెను.

ఈ విద్య యెంత యవసరమో మరుసటియేట జరిగిన యొక ప్రమాదము వలన గ్రహింపవచ్చును. 1957 సెప్టెంబరు 29న సోవియట్ దేశమున, యూరల్ పర్వత ప్రాంతమందలి మాయక్ అణు కర్మాగారములో వ్యర్థములు నిలువచేసిన తొట్టి ప్రేలెను. ఆ ధూళి సుమారు మూడువందల కిలోమీటర్ల దూరము వ్యాపించెను. పెక్కు పల్లెలు ఖాళీ అయ్యెను. ప్రభుత్వము చాల ఏండ్లు ఆ సంగతిని కప్పిపుచ్చెను. కాని నేలలోనికి దిగినదానిని ఎవ్వరు దాచగలరు?

ఆ ధూళిలో చిరకాలము నిలిచినది స్ట్రాన్షియం-90. అది సగము క్షీణించుటకే సుమారు 29 ఏండ్లు పట్టును. దానికి రంగు లేదు, వాసన లేదు. కాల్షియమును పోలియుండుటచే పైరులందును, పాలయందును చేరి, తుదకు ఎముకలలో నిలుచును. నేలలోనికి ఇంకి, భూగర్భజలముతోపాటు మెల్లగా కదలును. దానిని పట్టియిచ్చునవి బీటా కిరణములే. శాస్త్రజ్ఞులు వేర్వేరు లోతులనుండి మట్టిని, బావులనుండి నీటిని తెత్తురు. రసాయన ప్రక్రియలచే స్ట్రాన్షియమును వేరుచేసి, సుమారు రెండు వారములు వేచియుందురు. ఆలోపల దానినుండి పుట్టిన యిట్రియం వెలువరించు బీటా కణములను లెక్కింతురు. విషము ఎంత లోతునకు దిగినదో, ఏ దిక్కునకు సాగుచున్నదో అట్లు తెలియును.

స్వామి యూరల్ మట్టిని పరీక్షించినవారు కారు. అట్టి పరీక్షకు మూలమైన విద్యను తెలుగునేలపై నాటినవారు. గుణదల మొదలు దివిసీమ వరకు కృష్ణా కాలువల క్రింది పల్లెలకు నేలయు, నీరును ప్రాణాధారములు. ఇట్టి కల్మషము వానిలో నున్నదో లేదో కంటితో చూచి చెప్పజాలము, కొలిచియే తెలిసికొనవలెను. కొలుచువారు మనలోనే యుండవలెను.

1969లో స్వామి దివంగతులైరి. విశ్వవిద్యాలయమందలి కేంద్రక పరిశోధనశాలకు వారి పేరు పెట్టబడినది. తపస్సున కావలసిన ఓర్పును, ఏకాగ్రతను ప్రయోగశాలలోనికి కొనివచ్చి, కానరానిదానిని ఊహింపక కొలిచి తెలిసికొను మార్గమును చూపిన వారి జీవితము విద్యార్థులకు ఆదర్శప్రాయము.