ఎడ్గార్ కాడ్

ఎడ్గార్ ఫ్రాంక్ కాడ్ 1923వ సంవత్సరము ఆగస్టు 19వ తేదీన ఇంగ్లండు దక్షిణతీరమందలి పోర్ట్‌లండు ద్వీపమున జన్మించెను. ఏడుగురు సంతానములో ఆయనయే కడపటివాడు. తండ్రి తోళ్ళ పరిశ్రమ నడుపుచుండెను, తల్లి ఉపాధ్యాయిని. కాడ్ ఆక్స్‌ఫర్డు విశ్వవిద్యాలయమున గణితమును, రసాయనశాస్త్రమును అభ్యసించెను. రెండవ ప్రపంచయుద్ధకాలమున వైమానికదళమున చేరి విమానములు నడిపెను.

1948లో ఆయన అమెరికాకు పోయి, మరుసటి యేడు ఐ.బి.ఎం. సంస్థలో చేరెను. ఆ దినములలో సెనేటరు మెకార్తీ పౌరులను రాజద్రోహులని శంకించి వేధించుచుండెను. అది సహింపజాలక కాడ్ 1953లో కెనడాకు తరలిపోయెను. కొన్నియేండ్లకు తిరిగివచ్చి, మిచిగన్ విశ్వవిద్యాలయమున చదివి, నలువదియేండ్లు దాటిన వయస్సున 1965లో డాక్టరు పట్టమును పొందెను.

అప్పటి కంప్యూటర్లలో సమాచారము ఏ మూలనున్నదో, దానికి త్రోవ యేదో యెరిగినవారే దానిని వెలికితీయగలిగెడివారు. అమరిక మారినచో వారు వ్రాసిన ప్రోగ్రాములు నిరుపయోగములగుచుండెను. సమాచారమునంతయు పట్టికలుగా నమర్చవలెననియు, కావలసినదేదో మనుష్యుడు చెప్పినచో వెదకుపని యంత్రమే చేయవలెననియు కాడ్ 1970లో ఒక వ్యాసమున ప్రతిపాదించెను. ఆయన సంస్థ అప్పటికే వేరొక పద్ధతిని విక్రయించుచుండుటచే దీనిని వెంటనే ఆదరింపలేదు. కాడ్ నిరాశచెందక తన మతమును సమర్థించుచునే యుండెను. తుదకు శాన్‌హోసే పరిశోధనాలయమున ఆయన సహోద్యోగులు సిస్టమ్ ఆర్ అను పేర ఆ పద్ధతిని నిర్మించి చూపిరి.

అప్పుడొక చిక్కు ఎదురయ్యెను. ఒకే పట్టికను పలువురు వాడునపుడు, జీతముల లెక్కను ఎవరు చూడవచ్చును? ఎవరు మార్చవచ్చును? ఆ సహోద్యోగులు దీనికొక మార్గము కనుగొనిరి. వాడుకరి ఎవరో పేరునుబట్టి యంత్రము గుర్తించును. పట్టికను సృష్టించినవాడే దానికి యజమాని. చూచుట, చేర్చుట, మార్చుట, తొలగించుట అను హక్కులను అతడు గ్రాంట్ అను ఆజ్ఞచే వేర్వేరుగా ఇతరులకు ఇయ్యవచ్చును. రివోక్ అను ఆజ్ఞచే మరల తీసికొనవచ్చును. ఒకని హక్కు పోయినచో, అతని మూలముననే హక్కు పొందినవారికిని అది పోవును. ఎవరికే హక్కు కలదో తెలుపు జాబితా సైతము పట్టికలలోనే యుండెను. యంత్రము తన్ను గూర్చిన వివరములను కూడ పట్టికలలోనే యుంచి, అనుమతి గలవారికి చూపవలెనని కాడ్ 1985లో ప్రకటించిన నియమములలో నొకటి.

నేడును నిర్వాహకుడు క్రొత్తవానికి పేరును, రహస్యపదమును ఇచ్చి ఖాతా తెరచును. ఖాతా కలిగినంతమాత్రమున అన్ని పట్టికలును అతని వశము కావు. పనికి వలసినంత హక్కునే ఇచ్చుట వివేకము.

కాడ్ 1981లో ట్యూరింగ్ పురస్కారమును పొందెను. 2003వ సంవత్సరము ఏప్రిల్ 18వ తేదీన, 79 యేండ్ల వయస్సున ఫ్లోరిడాలో మరణించెను. పదిమంది సొత్తును పంచుటయు, కాపాడుటయు ఒకే ధర్మమునకు రెండు ముఖములని ఆయన చూపిన మార్గము నేటికిని తెలుపుచున్నది.