నోరు లేని జంతువుల మీద పుస్తకం రాసిన దొర

ఈసారి గోడపత్రికలో జీవిత చరిత్ర నా వంతు వచ్చింది. గాంధీ గారి గురించి, అల్లూరి గారి గురించి, కొమురం భీం గారి గురించి అక్కలు ముందే రాసేశారు. అందుకని మీలో చాలామంది పేరు వినని ఒకాయన గురించి రాస్తున్నాను. జంతుశాస్త్రం చదివిన వాళ్లకు మాత్రం ఆయన బాగా తెలుసు. ఆయన పేరు నెల్సన్ అన్నన్‌డేల్.

ఈయన గురించి నాకు ఎలా తెలిసిందంటే, దానికి కారణం బేగం బజార్. సైన్స్ ఎగ్జిబిషన్ కోసం మమ్మల్ని నలుగురిని హైదరాబాద్ తీసుకుపోయారు కదా. తిరిగి వచ్చే రోజు మెస్సుకు గిన్నెలు, గరిటెలు కొనాలని అబిడ్స్ నుంచి ఆటోలో బేగం బజార్ పోయాం. అబ్బో, ఏం జనం! ఒక సందు నిండా స్టీలు సామాన్లే, ఇంకో సందు నిండా మేవా దుకాణాలే. ఒక దుకాణం ముందు పసుపుపచ్చ స్పంజీలు దండలాగా వేలాడుతున్నాయి. సార్ ఒకటి నొక్కి చూపించి, ఇది ఫ్యాక్టరీలో చేసింది, కానీ అసలు స్పంజి ఒక జంతువు అన్నారు. మేము నవ్వాం. గిన్నెలు తోమేది జంతువు ఎట్లా అవుతుంది? బస్సులో సార్ చెప్పింది, తర్వాత లైబ్రరీలో నేను చదివింది కలిపి ఇది రాస్తున్నాను.

అన్నన్‌డేల్ గారు 1876 జూన్ 15న స్కాట్లండ్ దేశంలోని ఎడిన్‌బరోలో పుట్టారు. వాళ్ల నాయన పెద్ద ఆపరేషన్లు చేసే డాక్టరు. ఈయన ఆక్స్‌ఫర్డ్‌లోనూ ఎడిన్‌బరోలోనూ చదువుకున్నారు. చిన్న వయసులోనే ఐస్‌లాండ్ వంటి చలి దేశాలు తిరిగారు. 1901, 1902లో రాబిన్సన్ అనే స్నేహితునితో కలిసి మలయా అడవుల్లో తిరిగారు. అక్కడ జంతువులను సేకరించారు, అడవి మనుషుల గురించి కూడా రాశారు, వాళ్ల శరీర కొలతలు తీశారు. ఇది చదివినప్పుడు నాకు కొంచెం కష్టం అనిపించింది. మన గూడేనికి ఎవరో వచ్చి టేపుతో మన తల కొలిస్తే ఎట్లా ఉంటుంది? ఆ మనుషులు ఏమనుకున్నారో ఎవరూ రాయలేదు. గొప్పవాళ్ల చరిత్రలో ఇది కూడా రాయాలి కాబట్టి రాశాను.

1904లో ఆయన కలకత్తాలోని ఇండియన్ మ్యూజియంలో ఉద్యోగంలో చేరారు. 1907లో దానికి సూపరింటెండెంట్ అయ్యారు. దొర అంటే పులిని వేటాడి దాని మీద కాలు పెట్టి ఫోటో దిగుతాడని మనం అనుకుంటాం. ఈయన మాత్రం కలకత్తా చెరువుల్లో, చివరికి మ్యూజియం ఆవరణలో ఉన్న కుంటలో కూడా ఇటుకల మీద, పుల్లల మీద, నత్త గుల్లల మీద పాచిలాగా అంటుకున్న వాటిని తీసి మైక్రోస్కోపు కింద పెట్టి చూశారు. సంవత్సరాల తరబడి చూసి, 1911లో మన దేశపు మంచినీటి స్పంజికలు, హైడ్రాలు, పాలిజోవాల మీద ఒక పెద్ద పుస్తకం రాశారు.

ఈ జంతువులు ఎట్లా ఉంటాయో చెప్తాను, పరీక్షకు కూడా పనికొస్తుంది. స్పంజికకు నోరు లేదు, కడుపు లేదు, మెదడు లేదు, నరాలు లేవు. ఒంటి నిండా చిన్న చిన్న రంధ్రాలు మాత్రం ఉంటాయి. లోపల కాలర్ కణాలు అని ఉంటాయి. ఒక్కొక్క కణానికి కొరడా లాంటి కశాభం ఉంటుంది. అవన్నీ ఊగుతూ ఉంటే నీళ్లు రంధ్రాల నుంచి లోపలికి వస్తాయి. ఆ నీళ్లలోని బాక్టీరియా లాంటి తిండిని కణాలే పట్టుకుని తింటాయి. మిగిలిన నీళ్లు ఆస్కులం అనే పెద్ద రంధ్రం నుంచి బయటికి పోతాయి. అంటే మన మెస్సులో టీ వడగట్టే జల్లెడ లాంటిదన్న మాట. కాకపోతే ఈ జల్లెడ తానే నీళ్లు లాక్కుంటుంది, తానే తింటుంది.

మంచినీటి స్పంజికల ఒంట్లో కంటకాలు అని సన్నటి సూదులు ఉంటాయి. గాజులో ఉండే సిలికాతోనే అవి తయారవుతాయి. చిన్నప్పుడు మా కుంటలో మునిగిన కర్ర మీద పచ్చటి మెత్తటిది ఒకటి ముట్టుకుంటే నా చేతులు దురద పెట్టాయి. దాన్ని తాకొద్దని మా అమ్మమ్మ ఎప్పుడో చెప్పింది. అది స్పంజికే అయి ఉండొచ్చని సార్ అన్నారు. మా అమ్మమ్మకు సంతకం రాదు, కానీ కుంటలో ఏది ఎక్కడ ఉంటుందో తెలుసు.

హైడ్రా దీనికంటే ఒక మెట్టు పైన. అది ఒక సన్నటి గొట్టం లాంటిది. ఒంటికి రెండే పొరలు. పైన నోరు, నోటి చుట్టూ స్పర్శకాలు. వాటి మీద విషపు దారాలు విసిరే దంశకణాలు ఉంటాయి. చిన్న నీటి పురుగు తగిలితే చాలు, కుట్టి, పట్టి, నోట్లోకి లాగేస్తుంది. లోపలికి పోయేదీ బయటికి వచ్చేదీ ఆ ఒక్క దారినే. ఇక పాలిజోవాలకు నోరు వేరు, మలద్వారం వేరు. అవి ఈ రెండింటికీ దగ్గరి చుట్టాలు కావు. అయినా మూడూ ఒకే కుంటలో అంటుకుని బతుకుతాయి కాబట్టి, వెతికేవాళ్లకు కలిసే దొరుకుతాయి.

తర్వాత ఆయన స్టాన్లీ కెంప్ గారితో కలిసి చిల్కా సరస్సు జీవులను పరిశీలించారు. ఉప్పునీళ్లు, మంచినీళ్లు కలిసే పెద్ద సరస్సు అది. దాని దక్షిణపు ఒడ్డు గంజాం జిల్లాలోది. గంజాం 1936 దాకా మద్రాసు రాష్ట్రంలోనే ఉండేది. అక్కడ మన తెలుగువాళ్లు చాలామంది ఉన్నారు. 1916 జూలై 1న జూలాజికల్ సర్వే ఆఫ్ ఇండియా మొదలైంది. దానికి మొదటి డైరెక్టరు అన్నన్‌డేల్ గారే. సుందర్‌లాల్ హోరా వంటి మన దేశపు యువకులు ఆయన దగ్గర పని నేర్చుకుని పెద్ద శాస్త్రవేత్తలు అయ్యారు. 1924 జనవరిలో బెంగళూరు సైన్స్ కాంగ్రెస్‌కు అధ్యక్షత వహించారు. అదే సంవత్సరం ఏప్రిల్ 10న కలకత్తాలో చనిపోయారు. అప్పటికి 48 ఏళ్లు కూడా నిండలేదు. ఆ సర్వే వాళ్ల మంచినీటి జీవుల కేంద్రం ఇప్పుడు హైదరాబాద్ అత్తాపూర్‌లో ఉంది. బేగం బజార్‌కు అంత దగ్గరలో ఉన్నా మేము చూడలేదు, టైం లేదు.

ఇంక ఒక్క విషయం చెప్పి ముగిస్తాను. ఎండాకాలం కుంట ఎండిపోతే మంచినీటి స్పంజిక చచ్చిపోతుంది. కానీ పోయేముందు జెమ్యూల్స్ అని ఆవగింజ కంటే చిన్న గుండ్రటి గింజల్లాంటివి తయారుచేసి పెడుతుంది. అవి ఎండినా చావవు. మళ్లీ నీళ్లు వస్తే వాటిలోని కణాలు బయటికి వచ్చి కొత్త స్పంజిక అవుతాయి. చూసేవాళ్లకు ఎండిన మట్టే కనిపిస్తుంది, జంతువు ఉందని తెలియదు.

పోయిన ఎండాకాలం మిరపకాయల పనికి పోయాక నన్ను ఇంక బడికి పంపనన్నాడు మా నాయన. మా అమ్మమ్మ పోట్లాడింది కాబట్టి జూన్‌లో పది రోజులు ఆలస్యంగానైనా వచ్చాను. నా పక్క మంచం అమ్మాయికి పోట్లాడేవాళ్లు లేరు. ఆమె రాలేదు. లెక్కల్లో నాకంటే బాగా చేసేది. ఆమె ట్రంకుపెట్టె ఇంకా మంచం కిందనే ఉంది. చదువు మానేసిందని రిజిస్టరులో పేరు కొట్టేయబోతున్నారని విన్నాను. మేడం గారూ, దయచేసి కొట్టేయకముందు ఒకసారి వాళ్ల గూడెం పోయి రండి. దారి నాకు తెలుసు, ఆదివారం నేను కూడా వస్తాను.

ఇట్లు,
తొమ్మిదో తరగతి విద్యార్థిని